డీప్ ఫ్రీజర్ ఖాళీ చేస్తూ కిరాణా ఖర్చు తగ్గించిన లెక్క: హనుమకొండ, 2024 ఫిబ్రవరి నుంచి మే దాకా

ఇంట్లో డీప్ ఫ్రీజర్ నిండా సరుకుండి, అయినా ప్రతి ఆదివారం పొద్దున మటన్ షాపు ముందు నిలబడేవాళ్లు ఈ డైరీ చూసి ఇలాగే చేసుకోవచ్చు. ఏది పాడైంది, ఏది ఎంత తూగింది, ఏది ఎందుకు మార్చాం అన్నవే ఎక్కువ రాశాను, ఎందుకంటే నేను మొదలుపెట్టేటప్పుడు నాకు కావలసినవి అవే.

ఇంట్లో ఐదుగురం: నేను, మా ఆయన, అత్తమ్మ, ఇద్దరు పిల్లలు. ఫ్రీజర్ 200 లీటర్లది, పైకి మూత తెరిచే రకం, పాతది కొన్నాం. బియ్యం నర్సంపేట దగ్గర మా అమ్మగారి ఊరి నుంచి వస్తాయి, పాలకు నెల లెక్క వేరే. ఈ రెండూ కింది రూపాయల్లో లేవు.

మొదలుపెట్టే ముందు నవంబర్, డిసెంబర్, జనవరి మూడు నెలల ఫోన్ చెల్లింపులు, చేతి లెక్కలు కలిపి సగటు తీశాను:

కిరాణా: రూ. 6,200
కూరగాయలు, పండ్లు: రూ. 3,100
మాంసం, చేపలు, గుడ్లు: రూ. 4,300
బయటి తిండి: రూ. 1,900
నెలకు మొత్తం: రూ. 15,500

కింద ఎక్కడ తగ్గింది అని రాసినా ఈ 15,500తో పోల్చి రాసిందే.

దశ 1: బయటికి తీసి తూచడం

కొన్న పనిముట్లు: 10 కిలోల దాకా తూచే వంటింటి డిజిటల్ త్రాసు (650), సూదిలా గుచ్చి చూసే థర్మామీటర్ (380), కాగితం టేపు, చెరగని మార్కర్ (120), జిప్ కవర్లు (340), ప్లగ్గుకి తగిలించే కరెంటు మీటర్ (900). మొత్తం రూ. 2,390. కరెంటు మీటర్ లేకున్నా పని నడుస్తుంది, త్రాసు లేకపోతే నడవదు.

చేసిన వరస:

1. ముందు రోజు రాత్రే ఫ్రీజర్‌ను పూర్తి చలి మీదికి తిప్పాం. పొద్దున థర్మామీటర్ మైనస్ 21 చూపించింది.
2. పాత దుప్పట్లు పరిచి, థర్మాకోల్ పెట్టెల్లో మాంసం, చేపలు ముందు సర్దాం. గింజలు, గుజ్జులు తర్వాత.
3. ప్రతి పొట్లం తూచి, టేపు మీద పేరు, బరువు, పెట్టిన నెల రాసి అంటించాం. తడి కవరుకు టేపు అంటదు. ముందు పొడి బట్టతో తుడవాలి.
4. ఖాళీ అయ్యాక కరెంటు తీసేసి గోడల మంచు కరగబెట్టాం. మందం 9 మి.మీ. ఉంది. లోపల వేడినీళ్ల గిన్నె పెట్టి, ఫ్యాన్ తిప్పితే గంటన్నర దాటింది. కత్తితో గీకొద్దు, లోపలి గొట్టానికి చిల్లు పడితే ఫ్రీజర్ పనికి రాదు.
5. మళ్లీ సర్దేటప్పటికి థర్మాకోల్ పెట్టెలో మాంసం మధ్యలో మైనస్ 13 ఉంది. గట్టిగానే ఉంది కాబట్టి భయం లేదు.

మంచు తీసిన తర్వాత కరెంటు మీటర్ రోజుకు 1.3 యూనిట్ల నుంచి 1.1కు వచ్చింది. నెలకు ఆరు యూనిట్లు.

దొరికిన సరుకు:

మటన్ (దసరాకు యాటను కోసి పంచుకున్న పోగు, ఇంకా తర్వాత కొన్నవి): 6.2 కిలోలు
నాటుకోడి: 1.9
చికెన్: 3.1
రవ్వ చేప ముక్కలు: 2.6
కొర్రమీను: 1.1
రొయ్యలు: 0.5
చింతచిగురు: 1.3
పచ్చి బఠానీ: 2.2
అనపగింజలు: 1.8
పచ్చి కందిగింజలు: 1.5
మక్క గింజలు: 2.4
మామిడి గుజ్జు: 2.0
టమాట ముద్ద: 2.7
కొబ్బరి తురుము: 0.8
అల్లం ఎల్లిగడ్డ ముద్ద: 0.6
పరోటా ప్యాకెట్లు: 1.0
ఏమిటో తెలియనివి: 2.9
మొత్తం: 34.6 కిలోలు

ఆ తెలియనివన్నీ నల్ల కవర్లే. మటన్ షాపు కవర్లో కట్టి అలాగే పడేస్తే, నెల తిరిగేసరికి లోపల ఏముందో ఎవరికీ గుర్తుండదు. వాటిని ఫ్రిజ్ కింది అరలో పళ్లెం పెట్టి ఒక రాత్రి వదిలాం. 1.3 కిలోలు సూపు బొక్కలు, 0.9 ఉడికించిన కందిపప్పు, మిగతా 0.7 చేప. చేప అంచులు తెల్లగా ఎండి, ముట్టుకుంటే అట్టలా ఉంది, పాత నూనె వాసన కొట్టింది. గాలి తగిలే కవర్లో పెడితే లోపలి మంచు నీరు కాకుండానే నేరుగా ఆవిరై పోతుంది, ముక్క ఎండుతుంది, కొవ్వు చెడుతుంది. ఎండిన అంచు వరకైతే కోసి పడేసి మిగతాది వండుకోవచ్చు, తింటే ప్రమాదం ఉండదు, రుచే పోతుంది. కానీ ఆ వాసన వచ్చాక ఇంట్లో ఎవరూ తినరు. పడేశాం.

మిగిలింది: 33.9 కిలోలు.

దశ 2: పెద్ద ముద్దలు

మటన్ తినకుండా నెలల తరబడి ఉండిపోవడానికి అసలు కారణం ముద్ద సైజే. ఒక్కోటి కిలోన్నర పైన. పొద్దున ఆరింటికి "ఇవాళ మటన్ వండుదాం" అనుకుంటే మధ్యాహ్నానికి అది కరగదు, కాబట్టి షాపుకే పోతాం. కొలిచి చూశాను:

1.6 కిలోల ముద్ద, ఫ్రిజ్‌లో 4 డిగ్రీల దగ్గర: 30 గంటలు దాటినా నడిమి భాగం మైనస్ 1.
అదే బరువు ముద్ద, కవర్లో కట్టి చల్లని నీళ్లలో, అరగంటకోసారి నీళ్లు మార్చుతూ: మూడు గంటలకు పైభాగం 12 డిగ్రీలు, నడుమ ఇంకా గడ్డే.
400 గ్రాములు, 2 సెం.మీ. మందంతో పలచగా పరిచిన పొట్లం, ఫ్రిజ్‌లో: ఒక రాత్రి చాలు.
అదే పలచని పొట్లం చల్లని నీళ్లలో: 50 నిమిషాలు.

రెండో పద్ధతిని పెద్ద ముద్దకు వాడొద్దు. నడుమ కరిగేలోపు పైభాగం 4 డిగ్రీలు దాటి చాలాసేపు ఉంటుంది, సూక్ష్మజీవులు పెరిగేది అక్కడే. బయట గట్టు మీద పెట్టి కరగబెట్టడం మరీ ప్రమాదం. మామూలు వాతావరణంలోనే రెండు గంటలకు మించి ఉంచకూడదు, మన ఎండాకాలం లాగా 32 డిగ్రీలు దాటితే ఒక్క గంటే.

అందుకని మార్చింది ఇది:

1. ముద్దను ఫ్రిజ్‌లో పెట్టి, అంచులు వదులయ్యేదాకా (మాకు దాదాపు ఒక పగలు, ఒక రాత్రి) ఆగాలి.
2. ముక్కలు విడిపోయేంత మెత్తబడగానే, నడుమ మంచు ఉండగానే విడదీయాలి.
3. సగం ముక్కలను పచ్చిగానే 400 గ్రాముల చొప్పున పలచగా పరిచి, గాలి వత్తి తీసి, స్టీలు పళ్లెం మీద పెట్టి మళ్లీ ఫ్రీజర్‌లోకి. ఫ్రిజ్ చలిలో కరిగినదాన్ని తిరిగి గడ్డకట్టించవచ్చు. బయట కరిగినదాన్ని మాత్రం వద్దు.
4. మిగతా సగం పసుపు, ఉప్పు, అల్లం ఎల్లిగడ్డ ముద్ద వేసి కుక్కర్లో ఉడికించి, నీళ్లతో సహా డబ్బాల్లో పోయాలి. డబ్బాను చల్లని నీళ్ల పళ్లెంలో నిలబెట్టి చల్లార్చి, రెండు గంటల్లోపు లోపల పెట్టాలి.

పచ్చిగా మళ్లీ పెట్టిన ముక్కల నుంచి 1.6 కిలోలకు 55 గ్రాముల నీరు కారింది, వండాక కొంచెం పీచుగా అనిపించింది. ఉడికించి పెట్టినవి బాగా వచ్చాయి, పైగా సాయంత్రం ఇంటికొచ్చాక పావుగంటలో కూర అయిపోతుంది. తర్వాతి ముద్దలన్నీ ఉడికించే పెట్టాం.

ఇక్కడే ఇంకో సంగతి తేలింది. షాపులో మేం ఎప్పుడూ "ముప్పావు కిలో కొట్టు" అనేవాళ్లం. 400 గ్రాముల డబ్బాకు చింతచిగురో ఆలుగడ్డో కలిపితే ఐదుగురికి ఒక పూటకు సరిపోయింది, పిల్లలు తక్కువైందని అనలేదు.

దశ 3: సరుకు తగ్గింది, ఖర్చు తగ్గలేదు

ఫిబ్రవరి సగానికి:
ఫ్రీజర్‌లో మిగిలింది: 26.8 కిలోలు
ఖర్చయింది: రూ. 7,400
సగం నెలకు పాత సగటు: రూ. 7,750
తేడా: రూ. 350

ఏడు కిలోలు తింటే మిగిలింది మూడు వందల యాభై. ఈ లెక్క చూశాక నోట్‌బుక్‌లో ప్రతి వంట పక్కన ఒక గీత గీసి, ఆ వంట కోసం బయట కొత్తగా ఏం కొన్నామో రాయడం మొదలుపెట్టాను. ఆ ఖర్చుకు "తోడు ఖర్చు" అని పేరు పెట్టుకున్నాం. పాత బిల్లులు చూసి వెనక్కి కూడా రాశాను:

బఠానీ పనీర్: పనీర్ 90, జీడిపప్పు 50, క్రీమ్ 70. మొత్తం 210
రొయ్యల బిర్యానీ: బాస్మతి 130, పుదీన కొత్తిమీర 20, పెరుగు 30, ఉల్లిగడ్డ వేయించడానికి నూనె 40. మొత్తం 220
మామిడి గుజ్జుతో పిల్లలకు ఐస్‌క్రీమ్: 150
అనపగింజల కూర: టమాట, ఉల్లిగడ్డ కలిపి 14
చింతచిగురు మటన్: 20
కందిగింజలు వంకాయ: 15
బొక్కల చారు: 10

అర కిలో రొయ్యలు వాడుకోవడానికి 220 పెట్టాం. రొయ్యల ధరే దాదాపు అంత. ఫ్రీజర్‌లో ఉంది కదా అని ఫోన్‌లో కొత్త వంట వెతికి దానికి కావలసినవి తెచ్చుకుంటూ పోతే, ఫ్రీజర్ ఖాళీ అవుతుంది గానీ జేబు నిండదు. మన ఇళ్లలో ఎప్పటి నుంచో చేసే వంటలకు తోడు ఖర్చు దాదాపు లేదు, ఎందుకంటే అవి ఆ కాలంలో ఇంట్లో ఉన్నవాటితో పుట్టినవే. అత్తమ్మ ఈ లిస్టు వినగానే, "బఠానీలు ఆలుగడ్డల కూరల వెయ్యి బిడ్డా, పనీరెందుకు" అంది. బఠానీల సంగతి అలాగే తేలిపోయింది: రోజూ చేసే ఆలుగడ్డ కూరలోకి, ఉప్మాలోకి గుప్పెడు గుప్పెడు.

అప్పటి నుంచి రెండే షరతులు:

1. కూరగాయ వంటకు 40, మాంసం వంటకు 60 దాటి తోడు ఖర్చు అయ్యేలా ఉంటే ఆ వంట వాయిదా.
2. కూరగాయల మార్కెట్‌కు పోయే ముందు ఫ్రీజర్ లిస్టు చూసి, వారానికి నాలుగు పూటల కూర దాని నుంచే రాయాలి. ఆ నాలుగింటికి సరిపోయే కూరగాయలు చిట్టీలో నుంచి కొట్టేయాలి.

డబ్బు తగ్గించింది ఈ రెండో షరతే. కుమార్‌పల్లి మార్కెట్‌లో బీరకాయ లేతగా కనిపిస్తే చెయ్యి ఆగదు. చిట్టీలో కొట్టేసి ఉంటే ఆగుతుంది.

ఆ నెలలో ఎల్లిగడ్డ ధర కిలో నాలుగు వందలు దాటింది. ఫ్రీజర్‌లోని 600 గ్రాముల ముద్దను ఐస్ ట్రేలో చెంచాడు చెంచాడు పోసి గడ్డలు చేసి, వంటకు ఒకటి చొప్పున వాడాం. అంత తక్కువ తూకంలో అంత డబ్బు ఆదా చేసింది ఫ్రీజర్‌లో ఇంకేదీ లేదు.

దశ 4: పాడైనవి, సరిచేసినవి

మక్క గారెలు. గింజలు ఉడికించకుండా నేరుగా పెట్టినవి. 500 గ్రాములు కరగబెడితే 60 మి.లీ. నీరు వదిలింది, రుబ్బితే పిండి జారుగా వచ్చింది, గారె చేతిలో నిలవలేదు. నూనెలో వేస్తే విడిపోయి నూనె తాగింది. బాండీలో నూనె ముందు, తర్వాత కొలిచాను: 180 మి.లీ. పోయింది. రెండోసారి కరిగిన గింజల్ని బట్టలో మూటగట్టి 20 నిమిషాలు వేలాడదీసి, నానబెట్టిన శనగపప్పు గుప్పెడు, బియ్యప్పిండి రెండు చెంచాలు కలిపి, నీళ్లు లేకుండా కచ్చాపచ్చాగా రుబ్బాం. గారె నిలిచింది, నూనె 110కి దిగింది. అయినా ఎక్కువే అనిపించింది. చివరికి అదే పిండిని సర్వపిండి లాగా గిన్నెకు ఒత్తి, నాలుగు చిల్లులు పొడిచి, మూత పెట్టి సన్నమంట మీద కాల్చాం. నూనె 35 మి.లీ. పచ్చిమిర్చి, జీలకర్ర, ఉల్లికాడలు బాగా పట్టాయి. పిల్లలు గారెల కంటే దీన్నే అడుగుతున్నారు. మిగతా మక్కలన్నీ ఇలాగే అయిపోయాయి.

చింతచిగురు. నిరుడు ఎండాకాలంలో కడిగి ఆరబెట్టి అలాగే పెట్టింది. కరగబెడితే నల్లబడి జిగటగా అయింది, కూర రంగు చూసి పెద్దబ్బాయి పళ్లెం జరిపేశాడు. ఆకును వేడినీళ్లలో ముంచి తీయకుండా పెడితే అందులోని ఎంజైములు చలిలో కూడా మెల్లగా పనిచేస్తూనే ఉంటాయి, రంగు, వాసన పోతాయి. ఉన్నదాన్ని కాపాడుకునే మార్గం అత్తమ్మ చెప్పింది: "కరగనియ్యకు, మంచుతోనే నలిపి వెయ్యి." కవర్లో ఉండగానే చేత్తో నలిపితే పొడిలా విరిగింది, మటన్ ఉడికాక చివరి ఐదు నిమిషాల్లో ఆ పొడి వేశాం. పులుపు పూర్తిగా ఉంది, నలుపు కనబడలేదు.

రవ్వ చేప. 2.6 కిలోలని రాసుకున్న దాంట్లో 310 గ్రాములు మంచే. కడిగి తూచాక తెలిసింది, కాబట్టి చేపలను ఎప్పుడూ మంచు తీసే తూచండి. వేపుడు చేస్తే ముక్క పొడిగా, దూదిలా వచ్చింది. ఉప్పు, పసుపు పట్టించి కాసేపు ఉంచి కడిగి, చింతపండు పులుసు చిక్కగా పెట్టి, చివర మెంతిపొడి వేస్తే ఆ పొడితనం తెలియలేదు. కొర్రమీను మాత్రం వేపుడుకు కూడా బాగుంది. కొవ్వు తక్కువ ఉన్న చేప చలిలో ఎక్కువ కాలం నిలుస్తుంది.

పరోటాలు. వీటికి కూర వేరే వండాలి, నెయ్యో వెన్నో కావాలి. స్కూల్ పొద్దుల్లో రాత్రి మిగిలిన పప్పుతో అవగొట్టాం. మళ్లీ కొనేది లేదు.

ఉడికించిన కందిపప్పు. ఇది అనుకోకుండా బాగా పనికొచ్చింది. కరిగాక నీళ్లు వేరుగా తేలింది, పప్పుగా వడ్డిస్తే బాగుండదు, చారుకు మాత్రం సరిగ్గా సరిపోయింది.

దశ 5: జాతర వారం

మేడారం జాతర ఫిబ్రవరి 21 నుంచి 24 దాకా. కరీంనగర్ వైపు చుట్టాలు పోతూ ఒక రాత్రి, వస్తూ ఒక రాత్రి మా ఇంట్లోనే ఆగుతారు, ఇది ఎప్పుడూ ఉన్నదే. ఇంతకు ముందు ఆ వారం మాంసానికే రెండు వేలు దాటేది. ఈసారి నాటుకోడి, ఉడికించి పెట్టిన మటన్ డబ్బాలు మూడు, బొక్కల చారు, అనపగింజలు. పన్నెండు మంది కూర్చుని తిన్నారు. మాంసం కొనలేదు.

అయినా ఆ వారం బయటి తిండి, కూల్ డ్రింకులు, నీళ్ల డబ్బాలు పెరిగాయి; చుట్టాలొచ్చినప్పుడు ఇది పెరగాల్సిందే, దాన్ని తగ్గించాలని నేను చూడలేదు. వాళ్లు తెచ్చిన అమ్మవార్ల బంగారం, అంటే ప్రసాదం బెల్లం, సగం పంచి, సగంతో మామిడి గుజ్జు ఉడికించి తాండ్ర పోశాం. గుజ్జు కిలోకు పైగా దానికే అయిపోయింది, తోడు ఖర్చు సున్నా.

ఫిబ్రవరి చివరికి:
మిగిలింది: 20.9 కిలోలు
నెల ఖర్చు: రూ. 13,900
తగ్గింది: రూ. 1,600

దశ 6: ఖాళీ ఫ్రీజర్, కరెంటు లెక్క

సగం ఖాళీ అయ్యాక కొత్త సమస్య. నిండా ఉన్న ఫ్రీజర్ మూత తీయకపోతే కరెంటు లేకున్నా దాదాపు 48 గంటలు చలి నిలుపుతుంది, సగమే ఉంటే 24 గంటలు. మార్చిలో గాలిదుమారం వస్తే మా వైపు పూటలు పూటలు కరెంటు పోతుంది. అందుకని ఖాళీ అయిన చోటల్లా రెండు లీటర్ల సీసాల్లో నీళ్లు పోసి (పైన నాలుగు వేళ్లు ఖాళీ వదిలి, గడ్డకట్టేటప్పుడు నీరు పెరుగుతుంది) పెట్టాం. తర్వాత ఒకసారి ఏడు గంటలు కరెంటు పోతే మైనస్ 19 నుంచి మైనస్ 14కే వచ్చింది.

బిల్లు సంగతి కొంచెం వివరంగా రాస్తాను, చాలామంది చూడని చోటు ఇదే. మార్చి రీడింగులో 231 యూనిట్లు వచ్చాయి. 2024 రేట్లలో 200 దాటితే మొదటి 200 యూనిట్లకే 5.10 చొప్పున పడేది, ఆ పైన 300 దాకా 7.70. అంటే 1,020 కి 239 కలిపి దాదాపు 1,259. ఫ్రీజర్ తాగింది నెలకు 36 యూనిట్లు. అది లేకపోతే 195 యూనిట్లు. అప్పుడు మొదటి వందకు 3.40, తర్వాతి 95కు 4.80, మొత్తం 796. స్థిర చార్జీలు పక్కన పెడితే 36 యూనిట్ల ఖరీదు దాదాపు 460 రూపాయలు! గృహజ్యోతి ఉన్న ఇళ్లకు ఇది ఇంకా ముఖ్యం: 200 లోపు ఉంటే బిల్లు సున్నా, దాటితే మొత్తం కట్టాలి. మాకు ఆ పథకం లేదు. ఉన్నవాళ్లు ఫ్రీజర్ నిండా ఏముందో కాకుండా మీటర్ ఎక్కడుందో ముందు చూడండి.

అంటే నెలకు నాలుగు వందల పైన కరెంటు పెట్టి మేం దాచింది చాలావరకు ఐదు వందల రూపాయల లోపు గింజలు, రెండు మూడు వారాల మాంసం. మొత్తం ఖాళీ చేసి ఆపేయాలని అప్పుడే నిర్ణయించాం, ఎండాకాలం కూలర్లు తిరగకముందే.

మార్చి చివరికి:
మిగిలింది: 9.2 కిలోలు
కిరాణా 5,300, కూరగాయలు పండ్లు 2,300, మాంసం గుడ్లు 1,400, బయటి తిండి 1,700
నెల ఖర్చు: రూ. 10,700
తగ్గింది: రూ. 4,800
ఇప్పటిదాకా తగ్గింది: రూ. 6,400

దశ 7: ఆపేయడం

ఏప్రిల్ 9 ఉగాది. పండుగ తర్వాత సరుకు ఆరు కిలోల దగ్గరికి వచ్చింది, మామూలు ఫ్రిజ్ పైఅరలో సర్దితే పట్టింది. పలచని పొట్లాలు పుస్తకాల్లా నిలబెడితే ముద్దలకంటే ఎంతో తక్కువ చోటు తీసుకున్నాయి. పెద్ద ఫ్రీజర్ తుడిచి, ఆరబెట్టి, వాసన పట్టకుండా మూత కింద చిన్న చెక్కముక్క పెట్టి వదిలాం.

ఏప్రిల్‌లో కష్టమైంది టమాట ముద్ద. బయట టమాట చవగ్గా ఉన్నప్పుడు లోపలి ముద్ద తీయబుద్ధి కాదు. పచ్చి టమాటలు వారానికి అర కిలోకే కట్టడి చేసి, పులుసులకు, చారుకు ముద్దే వాడాం. కాకపోతే ముద్ద వేసినప్పుడు చింతపండు తగ్గించాలి, లేకపోతే పులుపు కొడుతుంది.

ఏప్రిల్ చివరికి:
మిగిలింది: 2.4 కిలోలు (కొబ్బరి 0.5, మామిడి గుజ్జు 0.8, కందిగింజలు 0.6, బొక్కలు 0.5)
నెల ఖర్చు: రూ. 11,200
తగ్గింది: రూ. 4,300
మూడు నెలలకు తగ్గింది: రూ. 10,700

ఇందులో నిజంగా మిగిలింది ఎంత?

పది వేల ఏడు వందలు చూసి సంతోషపడే ముందు ఒక తీసివేత ఉంది. ఆ మటన్, చికెన్, చేపలు, రొయ్యలు, బఠానీలు ఎప్పుడో డబ్బు పెట్టి కొన్నవే. కొన్న ధరల్లో వేస్తే దాదాపు రూ. 6,900. ఊరి నుంచి వచ్చినవాటికి ధర వేయలేదు.

10,700 నుంచి 6,900 తీస్తే 3,800
పనిముట్లు 2,390 తీస్తే 1,410

మూడు నెలల పనికి చేతిలో మిగిలింది 1,410 రూపాయలు. నిల్వ తినేసి దాన్ని పొదుపు అని రాసుకుంటే లెక్క తప్పు, అందుకే మే నెల కూడా ఆగి చూశాను. మేలో ఫ్రీజర్ లేదు, తినడానికి ఆ 2.4 కిలోలు తప్ప నిల్వ లేదు:

కిరాణా: రూ. 5,500
కూరగాయలు, పండ్లు: రూ. 2,600
మాంసం, చేపలు, గుడ్లు: రూ. 3,500
బయటి తిండి: రూ. 1,500
మొత్తం: రూ. 13,100

పాత సగటు కంటే 2,400 తక్కువ, నిల్వ సాయం దాదాపు లేకుండా. మాంసంలో తగ్గిన 800 పూర్తిగా 400 గ్రాముల కొలత వల్ల. కూరగాయల్లో 500 చిట్టీ వల్ల. మేలో చిట్టీ ఫ్రిజ్ కింది అర చూసి రాస్తున్నాం, పద్ధతి అదే. కిరాణాలో 700 ఎక్కువగా నూనె, జీడిపప్పు, మసాలా ప్యాకెట్లు. కరెంటులో మేలో కూలర్ వల్ల ఎలాగూ 200 దాటాం, కాబట్టి అక్కడ ఫ్రీజర్ ఆపినందుకు మిగిలింది 36 యూనిట్లకు 7.70 చొప్పున 277 మాత్రమే. చలికాలంలో ఆ తేడా మళ్లీ 460కి పోతుంది.

నెలకు 1,000 యూనిట్లు కాల్చే ఇంటికో, పొలం నుంచి క్వింటాళ్లలో గింజలొచ్చే ఇంటికో ఈ లెక్కలో వేరే సమాధానం రావచ్చు. ఐదుగురున్న, మటన్ షాపు నడిచేంత దూరంలో ఉన్న ఇంటికి మాత్రం 200 లీటర్ల ఫ్రీజర్ అక్కర్లేదని నాకు గట్టిగా అనిపిస్తోంది.

ఇప్పుడు నడుస్తున్నది

ఈ ఏటి చింతచిగురు 1.2 కిలోలు వచ్చింది. సగం మరిగే నీళ్లలో అర నిమిషం ముంచి, వెంటనే చల్లని నీళ్లలో వేసి, నీళ్లు పిండేసి ఫ్రిజ్ పైఅరలో పెట్టాం. మిగతా సగం పచ్చిగానే. రెండూ 150 గ్రాముల పలచని పొట్లాలు, తేదీతో. శ్రావణం వెళ్లాక రెండింటినీ ఒకే రోజు మటన్‌లో వేసి చూసి, రంగు, పులుపు ఎలా ఉన్నాయో రాస్తాను.

మిరుగానికి (మృగశిర కార్తెకు) చేపలు తెస్తాం. రవ్వ ఆ పూటకు సరిపడా మాత్రమే, ఫ్రిజ్ పైఅరలోకి పోదు. కొర్రమీను అయితే 400 గ్రాముల పొట్లాలు రెండు, మంచు లేకుండా తూచి, టేపు మీద "ఆగస్టు లోపు" అని రాసి.